నెయ్యి పోని బట్టీ

ఏ లెక్కలోనైనా ఆరంభ నిల్వ ముందు చెప్పాలి. అది చెప్పకుండా లాభం గురించి మాట్లాడేవాణ్ణి నమ్మకూడదు.

నేను విశాఖపట్నం వచ్చినప్పుడు నా చేతిలో ఉన్నవి ఒక ఇనుప మూకుడు, దాని నిండా ఇసుక, ఆ ఇసుకలో వేరుశనగ పిక్కలు మాడకుండా వేయించే విద్య. శృంగవరపుకోట అవతల మా పల్లెలో ఉన్న మెట్టభూమి మా అన్నలకే చాలలేదు. అందుకని నేను సముద్రపు ఒడ్డున సాయంత్రాలు వేడి పిక్కలు పొట్లాలు కట్టాను. ఇసుక ఊరికే వచ్చేది, గాలి ఊరికే వచ్చేది, ఆ గాలికి పుట్టే ఆకలిని కొనేవాళ్ళే వెంట తెచ్చుకునేవారు. అంత మంచి పెట్టుబడి నాకు మళ్ళీ దొరకలేదు.

తర్వాత మూకుడు అటకెక్కింది. ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో బేకరీ పెట్టాను. కట్టెలతో మండే ఇటుకల బట్టీ ఒకటి, ఆ బట్టీ ముందు నిలబడి నాతో రోజూ వాదించే మాస్టరు సింహాద్రి ఒకడు. ర్యాంకు వచ్చిన పిల్లాడూ కర్రీ పఫ్ తింటాడు, రానివాడూ తింటాడు. కనుక ఏడాది పొడుగునా బండి నడుస్తుంది. కానీ నా అసలు ఆస్తి పఫ్ కాదు, డిసెంబరు.

డిసెంబరు రెండో సగం వచ్చేసరికి ఊళ్ళో క్రిస్మస్ చేసుకునే ఇళ్ళవాళ్ళు తమ మైదా, తమ చక్కెర, తమ గుడ్లు, తమ నెయ్యి డబ్బాల్లో పెట్టుకుని బట్టీకి వస్తారు. మేము కలిపి, కోసి, కాల్చి ఇస్తాం. కూలి మాది, సరుకు వాళ్ళది. పిండి కలిపింది మొదలు బిస్కట్లు చల్లారేదాకా వాళ్ళు బెంచీ మీద కూర్చుని కళ్ళార్పకుండా చూస్తారు. ఎందుకంటే బేకరీవాడి చేతికిచ్చిన నెయ్యి పిల్లి ముందు పెట్టిన పాలేనని ఈ ఊరి నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేను అనను. నేను మాత్రం ఏనాడూ ఒక చెంచా తీయలేదు. గొప్ప గుణం కాదు, లెక్క. తీసిన చెంచా నెయ్యి ఒక్కసారి అమ్ముడుపోతుంది. తీయని చెంచా గురించి ప్రతి చర్చిలోనూ చెప్పుకుంటారు. అలా నాకు పేరొచ్చింది: ఉమాశంకర్ బట్టీలో నెయ్యి పోదు.

ఆ పేరు పట్టుకునే మొన్నటి డిసెంబరులో ఇద్దరు మధురవాడ నుంచి కారులో వచ్చారు.

ఒకాయన గుణశేఖర్ గారు. అక్కడ ఒక పెద్ద అపార్టుమెంటు సంఘానికి కార్యదర్శి. చేతికి కట్టుకున్న గడియారం ఆయన ఎన్ని అడుగులు వేశాడో చెబుతుందట. మా సందులో కారు దిగి కౌంటరు దాకా వేసినవి కూడా అందులో చేరాయి. రెండో ఆమె జ్యోతిర్మయి గారు, అదే అపార్టుమెంటులో ఉంటారు, సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం.

గుణశేఖర్ గారే మొదలుపెట్టారు. "ఈసారి మా కమ్యూనిటీ క్రిస్మస్ పార్టీ మొత్తం గ్లూటెన్ ఫ్రీ, వీగన్. కుకీలు మీ దగ్గర చేయిద్దామని. గోధుమ ఉండకూడదు, మైదా ఉండకూడదు. పాలు, వెన్న, నెయ్యి, గుడ్డు ఉండకూడదు. తేనె కూడా వద్దు."

"తేనె ఏం చేసిందండీ?"

"తేనెటీగల కష్టం కదండీ. ఇంకొకరి కష్టం మనం తినకూడదు."

వినడానికి బాగానే ఉంది. ఆ సూత్రం మీద నేను కొట్టు నడపాలంటే తాళం వేసి తాళంచెవి సింహాద్రికి ఇవ్వాలి.

"గ్లూటెన్ మనిషిని మొద్దుబారుస్తుందండీ. నేను మానేసి ఆరు నెలలైంది. బుర్ర ఎంత తేలికైపోయిందో!" అంటూ ఆయన కౌంటరు మీది పళ్ళెంలోంచి ఒక కర్రీ పఫ్ తీసి కొరికారు. నేను ఆ పఫ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూశారు. "బయట తిరిగినప్పుడు లెక్కలోకి రాదు" అన్నారు.

ఆయన పఫ్ పనిలో పడ్డాక జ్యోతిర్మయి గారు అన్నారు: "ఉమాశంకర్ గారూ, వీళ్ళందరికీ ఇది సరదా. మా పాప శ్రీసత్యకు కాదు. దానికి గోధుమ పడదు. చిటికెడు తగిలినా వారం రోజులు కడుపు పట్టుకుని పడుకుంటుంది. ప్రతి పార్టీలో పిల్లలంతా కేకు తింటుంటే అది ఓ పక్కన అరటిపండు ఒలుచుకుంటుంది. ఈ ఒక్కసారి అందరూ తినే పళ్ళెంలోంచే అదీ తీసుకుని తినాలి. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు."

"తప్పకుండా అమ్మా."

"ట్రేలు కొత్తవి నేనే తెస్తాను. పిండి నేనే ఆడించి తెస్తాను, రాగి, బియ్యం. మీరు బట్టీ శుభ్రం చేయించాలి. ఆ పూట మీ బట్టీలో గోధుమ పిండి డబ్బా మూత కూడా తెరవకూడదు. మీకు నెయ్యి విషయంలో మంచి పేరుందని విన్నాను. అందుకే వచ్చాను."

"మీ సరుకు మీదే. ఇక్కడ ఏదీ పోదు" అన్నాను.

పోదన్నాను కానీ, వచ్చి చేరదని అనలేదు. ఆ సంగతి అప్పుడు నాకూ తట్టలేదు.

ఇక్కడ నా లెక్క చెప్పాలి. శనివారం సాయంత్రం వాళ్ళ పార్టీ. ఆ శనివారమే బెంచీ మీద నాకు రద్దీ ఎక్కువ. ఒకరి కోసం బెంచీ మూసేస్తే, పొరుగు సందులో బట్టీ ఉన్నవాడు ఆ డబ్బాలన్నీ ఎత్తుకుపోతాడు. బెంచీ కోసం వీళ్ళను పొమ్మంటే మధురవాడ పోతుంది. మధురవాడ అంటే ఒక్క పార్టీ కాదు. పుట్టినరోజులు, దీపావళి పెట్టెలు, ఇంకా నాకు పేర్లు తెలియని దినాలు ఎన్నో. అందుకని తెల్లవారే వాళ్ళ వాయి, ఎండెక్కాక బెంచీ వాయి అని రెండూ ఒప్పుకున్నాను. పాప సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే, అంత జాగ్రత్త కావలసిన పనికి ఈ రోజే దొరికిందా అని బెంచీ అడుగుతుంది. సింహాద్రికి ఒక్క ముక్కే చెప్పాను: "ఆళ్ళ పిండి ఆళ్ళది. మన సామాను ఏదీ కలపకు."

"మనకేటి పనన్నా, కలపను" అన్నాడు.

శనివారం తెల్లవారేసరికి బట్టీ తుడిచి, కడిగి, నిప్పు వేసి ఉంది. జ్యోతిర్మయి గారు తలకు గుడ్డ, చేతికి తొడుగులు వేసుకుని దిగారు. పాప వెనక సీట్లో నిద్రపోతోంది. డిక్కీలో ఇంకో పెద్ద డబ్బా పిండి ఉంది, అవసరమైతే వాడడానికట. తల్లి అంటే అలా ఉండాలి. వ్యాపారి కూడా.

అప్పటికే బెంచీ నిండిపోయింది. తమ వాయి ఎండెక్కాకే అని చెప్పినా, ముందు వచ్చి చోటు పట్టుకోకపోతే వాళ్ళకు తోచదు. అందరికంటే ముందు సువార్తమ్మ. పోర్టు ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది, నాకంటే పెద్దది, అక్క వరుసలో అప్పా అంటాను. బెంచీకి ఆమే అధ్యక్షురాలు. ఆమె పక్కన గంగాలమ్మ. జాలరిపేటలో చేపలమ్ముతుంది. ఆమెకు క్రిస్మస్ లేదు కానీ మనవలకు సెలవులున్నాయి.

"వీళ్ళెందుకు ఇప్పుడే?" అన్నారు జ్యోతిర్మయి గారు.

"ఊరికే కూర్చున్నారమ్మా. మీ పని అయ్యాకే డబ్బాలు తెరుస్తారు."

ఆమె రాగిపిండి, బియ్యప్పిండి, బెల్లం పొడి, కొబ్బరినూనె కొలిచి పోసి, ముద్ద కలపడం మొదలుపెట్టారు. ఇంతలో కారులో పాప లేచి ఏడ్చింది. ఆమె తొడుగులు విప్పి పరుగెత్తారు. సరిగ్గా అప్పుడే గుణశేఖర్ గారు నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడాది కాంట్రాక్టు గురించి రెండు మాటలు" అని టీ కొట్టు వైపు నడిపించారు. నేనూ నడిచాను. కాంట్రాక్టు అనే మాటకు నా కాళ్ళు నన్ను అడగవు.

నేను లేనప్పుడు జరిగింది తర్వాత ఇద్దరు ముగ్గురు చెప్పగా విన్నాను. అందరి మాటా ఒకటే కాబట్టి నమ్మవచ్చు.

సువార్తమ్మ మెడ సాచి గిన్నెలోకి చూసింది. "ఒరే సింహాద్రీ, ఆ ముద్దేటిరా, పిడకలు కొట్టడానికి కలిపినట్టు ఉన్నాది?"

"రాగిపిండప్పా. నెయ్యి నేదు, గుడ్డు నేదు, పాలు నేవు."

"ఓలమ్మ! పండక్కి నెయ్యి నేకండా బిస్కట్టేటిరా?"

"ఆళ్ళకి నెయ్యి పడదంట."

ఆ మాటతో బెంచీ అంతా దగ్గరికి జరిగిందట. సువార్తమ్మ గొంతు తగ్గించింది. "పడదు అనీ మాట నాకు తెల్దేటి! నా సిన్నప్పుడు మాయమ్మా అలగే సెప్పీది. పక్కింటోళ్ళు మాసం వండుకుంటే, 'మాకు పడదమ్మా' అనీది. కొనడానికి నేక."

"కారున్నాది కదప్పా" అంది గంగాలమ్మ.

"కారు బ్యాంకోడిది. మధురవాడలో కంపినీలు ఉజ్జోగాలు పీకేత్తన్నాయని మాయల్లుడు సెప్పినాడు. ఆయమ్మ మొకం సూసినావా, ఎలా పీక్కుపోనాదో! పాపం, నలుగుర్లో బయటపడ్డం ఇష్టం నేక తెల్లారకుండా వచ్చీసింది."

అంతే. బెంచీ మీద డబ్బాల మూతలు లేచాయి. తమ నెయ్యిలో చెంచా దొంగిలిస్తారేమోనని ఏళ్ళ తరబడి నా చేతుల మీంచి చూపు తిప్పని ఆడవాళ్ళు, ఒక్కొక్కరే లేచి, ఎవరి నెయ్యి వాళ్ళు తలో గరిటె ఆ గిన్నెలో వేశారు. గంగాలమ్మ తన నాటుకోడి గుడ్లు కొట్టి పోసింది. ముద్ద అప్పటికీ విడిపోతుంటే సువార్తమ్మ తన సంచిలోంచి రెండు గుప్పిళ్ళ మైదా వేసి, "ఇప్పుడు కలుపు. పట్టుకుంటాది" అంది.

సింహాద్రి కలిపాడు. కోశాడు. బట్టీలో పెట్టాడు. జ్యోతిర్మయి గారు పాపకు మొహం కడిగి, పాలు తాగించి వచ్చేసరికి ట్రేలు లోపల ఉన్నాయి.

నేను టీ కొట్టు నుంచి తిరిగి వస్తుంటే సందు మొదట్లోనే వాసన తగిలింది. నెయ్యి కాగిన వాసన నాకు పరిచయం చేయనక్కర్లేదు. లోపలికి వెళ్ళి సింహాద్రిని పక్కకు లాగాను.

"ఏటిరా ఇది?"

"మన సామాను ఏదీ కలపనేదన్నా. ఒట్టు. అంతా ఆళ్ళ సామానే" అని బెంచీ వైపు చూపించాడు.

నెయ్యి తీస్తే దొంగతనం. నెయ్యి వేస్తే ఏమంటారో నా వ్యాపారంలో మాట లేదు.

ఈలోగా గుణశేఖర్ గారు చల్లారుతున్న ట్రేలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. "చూశారా! ఇదీ మొక్కల రుచి అంటే! నెయ్యి లేకపోతే రుచుండదంటారు మూర్ఖులు. ఇందులో ఏముంది నెయ్యి? కడుపు ఎంత హాయిగా ఉందో చూడండి!" ఫోను తీసి అపార్టుమెంటు గ్రూపులో ఆ మాటే రాసి, పైకి చదివి మరీ పంపారు. ఇంకోటి తీసుకున్నారు. ఇంకో రెండు జేబులో వేసుకున్నారు.

నేను మనసులో లెక్క వేస్తున్నాను. ఈ పెట్టెలు మధురవాడ వెళ్తే ఎవరికీ ఏమీ కాదు. ఆయనలాగే అందరూ కళ్ళు మూసుకుంటారు. ఏడాది కాంట్రాక్టు నాది. ఒక్క పాప మాత్రం తినకూడదు. ఆ ఒక్క పాపే తినాలని ఇదంతా. ఎటు నుంచి కూడినా ఆ అంకె దగ్గర ఆగిపోతోంది.

అప్పుడు శ్రీసత్య లోపలికి వచ్చింది. ఎనిమిదేళ్ళుంటాయి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. తినేవి ఉన్నచోట అలాగే నిలబడుతుందని తర్వాత తెలిసింది, చెయ్యి తనంతట తాను ముందుకు పోకుండా. ట్రే చూసింది, నా వైపు చూసింది.

"అంకుల్, ఇందులో గోధుమ ఉందా?"

అంత సూటి ప్రశ్న నన్ను పన్నుల ఆఫీసరు కూడా అడగలేదు. ఆయనకు నేనెప్పుడూ ఏదో ఒకటి చెప్పి పంపగలిగాను.

"ఉంది తల్లీ" అన్నాను.

జ్యోతిర్మయి గారు నా మొహంలోకి చూశారు. జరిగింది చెప్పాను. మధ్యలో గుణశేఖర్ గారు నమలడం ఆపారు, ఆపి మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇప్పుడు ఇదంతా బయటికి ఎందుకండీ" అన్నారాయన. "గ్రూపులో పెట్టేశాను. మిగతావాళ్ళకు ఏమీ కాదు కదా. పాపకు వేరేగా అరటిపండు..."

"ప్రతిసారీ అరటిపండేనండీ" అన్నారు జ్యోతిర్మయి గారు. "ఈ పెట్టెలు మా గేటు దాటి రావు."

ఆ గొంతు బెంచీ దాకా వినిపించింది. సువార్తమ్మ లేచి వచ్చి విషయం తెలుసుకుంది. చేతులకంటిన మైదా చూసుకుంది. గబగబా కొళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. తడిచేతులతోనే నా మీదికి వచ్చింది.

"ఒరే శంకరం! ఆ గుంటకి గోదుమ పడదని ముందే సెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయేట్రా? నాను ఆసుపత్రిలో పన్జేసినదాన్ని. సెప్తే ముట్టుదునా?"

"తప్పైపోయిందప్పా."

"తప్పు నీది, మైదా నాది. ఇప్పుడేటి సేత్తావు? బట్టీ కడుగుతావా?"

బట్టీ కడిగి లాభం లేదు. పొద్దుటి నుంచి మైదా గాలిలోనే ఉంది. నా కొట్టులో నా కనుబొమల మీద కూడా మైదా ఉంటుంది. గోధుమ తగలని ట్రే, గోధుమ తగలని గిన్నె కాదు, గోధుమ ముఖమే ఎరగని పొయ్యి కావాలి. అలాంటిది ఈ ఊళ్ళో నాకు ఒక్కటే తెలుసు.

ఇంటికి ఫోన్ చేశాను. "రోజారమణీ, అటక మీంచి మూకుడు దింపించు."

మా ఆవిడ వెంటనే అందుకుంది. "మళ్ళీ పిక్కల దాకా వచ్చిందా? నాకు తెలుసు, ఆ మధురవాడ వాళ్ళు కారులో దిగినప్పుడే అనుకున్నాను."

ఫోను పెట్టి పాపతో చెప్పాను. "అది ఇనుప మూకుడు తల్లీ. ఇసుక పోసి వేడి చేసి, దాని మీద పళ్ళెం పెట్టి, మూత వేస్తే కుకీ కాలుతుంది. నెమ్మదిగా కాలుతుంది."

"అందులో ఎప్పుడైనా గోధుమ వేశారా?"

"లేదు. దానికి పిక్కలు తప్ప ఇంకేమీ తెలియదు."

"పిక్కలు నాకు పడతాయి" అని వాళ్ళమ్మ వైపు చూసింది. జ్యోతిర్మయి గారు అన్నారు: "మా లాన్‌లోనే పెట్టండి. నా కళ్ళ ముందు. ముందు ఆ బట్టలు మార్చుకుని, తలస్నానం చేసి రండి."

"ఇసక నాను తెత్తాను, శుబ్బరమైనది" అంది గంగాలమ్మ, తన గంప ఎత్తుతూ.

గుణశేఖర్ గారు కంగారుపడ్డారు. "ఆ గంపలోనా? అందులో చేపలు... మరి వీగన్ అన్నాం కదండీ, ఇసుకకు..."

"సేపలు సముద్రంలో ఉంటాయి బాబూ, ఇసక ఒడ్డున ఉంటాది. ఆ దేవుడే రెండూ ఏరేరుగా ఎట్టినాడు. నాకు సెప్తావేటి!" అంది గంగాలమ్మ. చివరికి కొత్త ప్లాస్టిక్ బకెట్టు కొన్నాం. దాంతో అందరి సిద్ధాంతాలూ నిలబడ్డాయి.

సాయంత్రం మధురవాడలో ఆ అపార్టుమెంటు లాన్ మీద రంగు దీపాల కింద నేను మళ్ళీ మూకుడు ముందు కూర్చున్నాను. ఎన్నో ఏళ్ళు వ్యాపారం చేసి ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చాను, దీపాలు మాత్రం ఎక్కువ. డిక్కీలోని డబ్బా పిండిని జ్యోతిర్మయి గారు కొత్త గిన్నెలో కలిపారు. సువార్తమ్మ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ఆటోలో వచ్చేసింది. ఎవరూ పిలవలేదు. మూకుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కుర్చీ పక్కన ఇంకో కుర్చీలో శ్రీసత్య. మా బెంచీ పద్ధతి ఇక్కడికీ వచ్చింది, చూపు మూకుడు మీంచి కదలదు.

గుణశేఖర్ గారు మైకు పట్టుకున్నారు. పొద్దున్న గ్రూపులో పెట్టిన మాట వెనక్కి తీసుకోలేక ముందుకు తోశారు. "మిత్రులారా, మన తీరప్రాంతపు ప్రాచీన ఇసుక బేకింగ్! మన పూర్వీకులు ఇలాగే కుకీలు కాల్చుకునేవారు!" మా పూర్వీకులు కుకీ చూసి ఉంటే పశువుకు పెట్టేవారు. కానీ ఆయన మాటతో మూకుడు ముందు వరుస ఇంకా పెరిగింది.

రుచి గురించి అబద్ధం చెప్పను. మొదటి వాయి అడుగు మాడింది. గుణశేఖర్ గారు అది కొరికి "పొగ వాసన ఎంత సహజంగా ఉందో" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. రెండో వాయి ఇటుక. దాన్ని "నిజాయితీ ఉన్న రుచి" అన్నారు. మూడో వాయికి నా చేతికి పాత లెక్క అందింది. పళ్ళెం దింపి పాప ముందు పెట్టాను.

శ్రీసత్య చేతులు వెనక్కి కట్టుకునే ఉంది. "అంకుల్, ఇందులో గోధుమ ఉందా?"

"ఇందాకటి నుంచి నువ్వే చూస్తున్నావు కదమ్మా?"

"మీరు చెప్పాలి."

"లేదు తల్లీ."

ఒక చెయ్యి ముందుకు వచ్చింది. ఒకటి తీసుకుంది. కొరికింది. నమిలింది.

"గట్టిగా ఉంది" అంది పాప. అందరిలోకీ నిజం చెప్పింది అదొక్కతే. ఇంకోటి తీసుకుంది.

అప్పుడు ఇంట్లో కేకు తిని వచ్చిన పక్క బ్లాకు కుర్రాడొకడు చెయ్యి చాచాడు. పాప పళ్ళెం వెనక్కి లాక్కుంది. "చేతికి కేకు ఉంది. కడుక్కుని రా." ఆ వెనక సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన కూడా నవ్వుతూ చెయ్యి పెట్టబోయాడు. సువార్తమ్మ కుర్చీలోంచే, "నీకు వేరే సెప్పాలేటి బాబూ? కొళాయి అటేపున్నాది" అంది. ఆయన తలొంచుకుని కొళాయి వైపు నడిచాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా తడిచేతులతోనే వచ్చారు. ఒక్కొక్కరికీ శ్రీసత్యే తన పళ్ళెంలోంచి తీసి ఇచ్చింది. మూకుడు చిన్నది, వాయి నెమ్మది, జనం ఎక్కువ. అరటిపళ్ళు ఒక మూల అలాగే ఉండిపోయాయి.

వెళ్ళేటప్పుడు జ్యోతిర్మయి గారు అన్నారు: "మీ బట్టీని మళ్ళీ నమ్మలేను ఉమాశంకర్ గారూ. మూకుడైతే సరే."

ఇక ముగింపు నిల్వ.

పోయినవి: మధురవాడ ఏడాది కాంట్రాక్టు. అంతమందికి మూకుడు చాలదు, బట్టీకి నమ్మకం చాలదు. పోయిన దాంట్లో ఇంకోటి, నా పాత పేరు. సువార్తమ్మ పుణ్యమా అని చర్చిల్లో ఇప్పుడు వేరే మాట నడుస్తోంది. ఉమాశంకర్ బట్టీకి నెయ్యి లేకుండా వెళ్ళినా బెంచీవాళ్ళే వేస్తారట. ఆ మరుసటి వారం సగం డబ్బాలు సగం నెయ్యితోనే వచ్చాయి. బెంచీ మీద ఎవరు ఎవరికి వెయ్యాలో తేలక సింహాద్రితో పాటు అందరూ వాదించుకున్నారు.

వచ్చినవి: ఆ శనివారం పొద్దున కాల్చిన నెయ్యి, గుడ్డు, మైదా కలిసిన రాగి బిస్కట్లు. నెయ్యీ గుడ్లూ వాళ్ళవే కాబట్టి బెంచీవాళ్ళే పంచుకుని ఇళ్ళకు పట్టుకెళ్ళారు. మర్నాటి నుంచి ఆ నల్ల బిస్కట్టు కావాలని జనం వస్తున్నారు. ఇప్పుడు కౌంటరు మీద పఫ్ పక్కన అదే. గుణశేఖర్ గారు వారానికోసారి కారు సందు చివర ఆపి, నడిచి వచ్చి పొట్లాలు తీసుకెళ్తారు. ఆ అడుగులు గడియారంలో పడతాయి, ఆ పొట్లాలు గ్రూపులో పడవు.

మూకుడు మళ్ళీ అటకెక్కలేదు. మా ఇంట్లో, కొట్టు గాలి తగలని వంటగదిలో ఉంది. నేను ఇంటికి వెళ్ళి స్నానం చేసేదాకా రోజారమణి నన్ను ఆ గదిలోకి రానివ్వదు. ఆదివారాలు శ్రీసత్య తల్లితో వచ్చి చిన్న డబ్బా నింపించుకుని వెళ్తుంది. ప్రతి ఆదివారమూ చేతులు వెనక్కి కట్టుకుని అదే ప్రశ్న అడుగుతుంది. నేను లేదంటాను. అప్పుడు తింటుంది. ఒక్క వారం కూడా అడగడం మానలేదు. ఖాతాదారు అలాగే ఉండాలి.